ఎట్లిచ్చిన్రో అట్లనే

కుంచె చివరను సొరుగు అంచుకు ఆనించి సుహాసిని ఊపిరి బిగబట్టింది. పైనుంచి కిందికి ఒకటే లాగు. మళ్ళీ రంగులో ముంచి, పక్కనే ఇంకొకటి. చాక్ పెయింట్ ఆగి ఆలోచించుకోనివ్వదు. ఏసీ గాలికి చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరుతున్న చోట మళ్ళీ కుంచె పెడితే విరిగిన పాలలా తరకలు కడుతుంది.

దుకాణంలో దొరికే డబ్బాలు ఆమె కొనదు. మామూలు గోడ రంగులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి వేసి, నీళ్ళు పోసి, చిక్కటి మజ్జిగలా అయ్యేదాకా పాత పప్పుగుత్తితో తిప్పుతుంది. ఇక కర్రను చిత్రిక పట్టే పని లేదు, పాత వార్నిష్ గీకే పని లేదు. ఎంత మొండి గోధుమరంగు మీదైనా అది పట్టుకుంటుంది. ఆరాక మెరవదు. పలక మీద చెయ్యి పెట్టినట్టు మెత్తగా, పొడిగా ఉంటుంది. ఆ పైన గుడ్డతో మైనం రుద్దితే లోపలినుంచి వెలుగు వచ్చినట్టు అవుతుంది.

అల్ హిలాల్‌లోని ఈ అద్దె ఫ్లాటు సామానుతో సహా వచ్చింది. భోజనాల బల్ల, టీవీ బల్ల, మంచం, సొరుగుల బల్ల, అన్నీ ముదురు గోధుమరంగు. ఎవరెవరో కాపురాలు చేసిన గీతలు, వేడి కప్పులు పెట్టిన గుండ్రటి మరకలు. ఒక్కొక్కటిగా వాటన్నిటినీ ఆమె ఎండబెట్టిన మునగాకు రంగులోకి మార్చింది. ఈ సొరుగుల బల్లే ఆఖరుది.

తలుపు కొట్టిన చప్పుడైంది. నాతూర్ ఖుత్బుద్దీన్. బిల్డింగ్‌కు కాపలా, నీళ్ళ మోటారు, చెత్త, అన్నీ ఆయనే. ఆర్మూర్ మనిషి. వయసు మీద పడ్డా ఇంకా గల్ఫ్ వదల్లేదు.

"బేటీ, తిరుమల్ ఉన్నడా?"

"డ్యూటీల ఉన్నడు చాచా. ఏమైంది?"

ఆయన ఆమె వైపు చూడకుండా ఆమె చేతిలోని కుంచె వైపు చూశాడు. "బిల్డింగ్ ఖాళీ చెయ్యాల్నంట. వచ్చే జుమ్మా లోపట."

"ఎవరు?"

"అందరు. వరల్డ్ కప్ చూడ వచ్చేటోళ్ళకు ఇస్తరంట. నన్నడగకు బేటీ. చెప్పమన్నరు, చెప్తున్న."

పక్క ఫ్లాటు తలుపు కొట్టడానికి ఆయన వెళ్ళిపోయాడు. సుహాసిని తిరిగి వచ్చి చూస్తే సగం వేసిన సొరుగు మీద రంగు ఆరి గీత పడింది.

ఆ గీత మీద తడిగుడ్డ పెడుతుండగానే తిరుపాలు వచ్చాడు. బిల్డింగ్‌ను చూసుకునే కంపెనీలో మనిషి. కడప వైపు వాడు. కనిపించినప్పుడల్లా "ఏం చెల్లెమ్మా, బాగుండావా" అని పలకరించేవాడు. ఇవాళ పలకరింపు లేదు. ఫోను పైకెత్తి ఒక్కో సామాను ఫోటో తీసుకుంటూ లోపలికి వచ్చినవాడు భోజనాల బల్ల దగ్గర ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"రంగు వేసిన అన్నా."

"ఓనర్ సామానుకు సున్నం కొట్టినావా?"

"సున్నం కాదన్నా. అన్ని మరకలుండె. నీకు ఫోన్ చేసి అడిగిన గదా, నీ ఇష్టం అన్నవు."

"ఫోన్లో నువ్వేందో అడిగితే నేనేందో అంటా. అదంతా గుర్తుంటాదా?" మంచం గదిలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు. "మొత్తం చేసిపెట్టినావే! చూడమ్మా, సామాను ఎట్ల ఇచ్చినామో అట్ల అప్పజెప్పాల. లేకుంటే నేను క్లియరెన్స్ కాయితం ఇచ్చేది లే. అది లేకుండా నీ మొగునికి ఇంకో ఇల్లు ఎవరిస్తారో చూస్తా."

"ఖాళీ చెయ్యమంటున్నది మీరే గదన్నా. మేం పోతమన్నమా?"

"పైనుంచి వచ్చిన ఆర్డర్. నేనేం జేసేది?" అంటూనే ఆయన పక్క ఫ్లాటుకు నడిచాడు.

ఆమె భర్త తిరుమల్ లుసైల్‌లో కడుతున్న టవర్ల దగ్గర ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. సంగతి అతనికి దారిలోనే తెలిసిపోయింది. బూట్లు విప్పుకుంటూ గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఐన్ ఖాలిద్‌ల ముగ్గుర్ని అడిగిన. రూములు లేవు, ఉన్న రూములకు రేట్లు ఆకాశంల ఉన్నయి," అన్నాడు. "నువ్వు ఊరికి పో సుహా. నేను క్యాంపుల మనోళ్ళతోటి ఉంట. వరల్డ్ కప్ అయినంక పిలిపిస్త."

"నిజంగ పిలిపిస్తవా?"

"అట్లంటవేంది?"

"రెండో నంబర్ ఫ్లాటు లక్ష్మి కరోనాల ఊరికి పోయింది. అయినంక పిలుస్త అన్నడు వాళ్ళాయన. ఇంక పిలుస్తనే ఉన్నడు." సుహాసిని కుంచెను నీళ్ళలో జాడించింది. "ఊర్ల అందరికి గల్ఫంత దుబాయే. అడుగుతరు, దుబాయ్‌ల ఏదో పెద్ద ఆటలంట గదా, నువ్వు చూడకుండ వచ్చినవేంది అని. ఆ ఆటలకే నన్ను ఎల్లగొట్టిన్రని చెప్పాల్నా?"

"మరి ఏడుంటం?"

"యాడనో ఒకాడ. నేను మాత్రం పోను."

తిరుమల్ రెండో బూటు చేతిలో పట్టుకుని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

*

మర్నాడు పొద్దున తిరుపాలు మళ్ళీ వచ్చాడు. వెంట ఒక లెబనాన్ మేడం. ఖాళీ అవుతున్న ఫ్లాట్లను అతిథులకు తయారుచేసే పని ఆమెది. తిరుపాలు అరచేతులు రుద్దుకుంటూ, తప్పు తనది కాదని ఇంగ్లీషులో ముందే చెప్పుకుంటున్నాడు. మేడం అతని మాట వినడం లేదు. భోజనాల బల్ల మీద అరచెయ్యి పెట్టి ఆ చివరినుంచి ఈ చివరిదాకా మెల్లగా జరిపింది.

"జమీల్," అంది. బాగుందని.

మేడం సొరుగు లాగి చూసింది. మూలల దగ్గర సుహాసిని గరుకు కాగితంతో రంగు కొంచెం తీసేసి, లోపలి గోధుమరంగు కనబడేలా చేసిన చోట గోటితో రాసింది. ఆ తర్వాత పెద్ద కెమెరా తీసింది. మంచినీళ్ళ జగ్గు తీసి కింద పెట్టింది. కుర్చీ మీద ఆరేసిన తిరుమల్ యూనిఫాం తీసి మంచం మీద పడేసింది. కెమెరా కంటికి ఆనించుకుని, గోడ పక్కన నిలబడి ఉన్న సుహాసినిని వేళ్ళతో కొంచెం జరగమని సైగ చేసింది. సుహాసిని జరిగింది. ఇంకా, అన్నట్టు మళ్ళీ సైగ. సుహాసిని వంటగదిలోకి వెళ్ళి నిలబడాల్సి వచ్చింది.

పక్క ఫ్లాటు తలుపు తీసే ఉంది. అక్కడ రఫియా ఉంటుంది. బోధన్ ఆడమనిషి. ఆమె భర్త నిజాముద్దీన్ స్కూలు బస్సు నడుపుతాడు. రఫియా గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే, మేడం గుమ్మంలోంచే ఆమె అల్మారాను చూసింది. అదీ మునగాకు రంగే. నిలువెత్తు అల్మారా, రెండు తలుపులు, గుండ్రటి ఇత్తడి పిడులు. మేడం సంబరంగా దానికీ ఫోటోలు తీసుకుంది.

మేడం లిఫ్టు ఎక్కాక తిరుపాలు వెనక్కి వచ్చాడు. నిన్నటి మనిషి కాదు.

"చెల్లెమ్మా, నీ పంట పండినాది. మేడంకు నీ పని శానా నచ్చింది. బిల్డింగ్ అంతా ఇదే రంగు చెయ్యమంటాండాది. అన్ని ఫ్లాట్ల సామానూ."

"నేనా?"

"నువ్వే. అందరూ పోయినాక ఒక్కొక్క ఫ్లాటు తాళం నీకిస్తా. నాతూర్ రూము పక్కన రూమొకటి ఖాళీగా ఉండాది. మీ ఇద్దరూ ఆడుండండి. ఆటలు అయిపోయినాక మీ ఫ్లాటు మీకే. నేను మాట్లాడినా. మన తెలుగోళ్ళని కదా ఇంత తిరిగింది."

తిరుమల్ ఆ మాట ఫోన్లో విని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని చాలా రోజులైంది. "ఇంకేంది! ఒప్పుకున్నవా?"

"రేపు చెప్త అన్న."

"రేపేంది? మా సైట్ల పెండ్లాం పిల్లలను ఫ్లైట్ ఎక్కిస్తున్నరు సుహా. నీ చేతుల విద్య ఉన్నది, మనకు అక్కరకొచ్చింది. నిర్మల్ బిడ్డవు గద."

నిర్మల్ అనగానే అందరూ ఆ మాటే అంటారు. అక్కడ పుట్టినవాళ్ళందరూ కొయ్యబొమ్మలకు రంగులేస్తూ పెరిగారని. సుహాసిని తండ్రి ఆర్టీసీ కండక్టరు. ఆమె ఇంట్లో బొమ్మ చేసినవాళ్ళు లేరు. ఈ పని ఆమె ఇక్కడే, పగలంతా తలుపు మూసుకున్న ఈ ఇంట్లో, ఒక్కో కర్రసామానూ పాడుచేసి బాగుచేసి నేర్చుకుంది.

మధ్యాహ్నం రఫియా ఇంటికి వెళ్ళింది. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. రఫియా నేల మీద కూర్చుని సీసాలను పాత దుపట్టాల్లో చుడుతోంది.

"మంచిదే గదనె," అంది తలెత్తకుండా. "నువ్వన్న ఉండు. ఒక్కలన్న ఉంటే మళ్ళొచ్చినప్పుడు చాయ్ పోసెటోళ్ళుంటరు."

"మీకు ఇల్లు దొరికిందా రఫియక్కా?"

"ఐన్ ఖాలిద్‌ల ఒక విల్లా. ముక్కలు ముక్కలు చేసి ఇస్తున్నరు. మాది ఒక ముక్క. వంటిల్లు నలుగురికి ఒకటి." ఒక సీసా చుట్టడం ఆపి మంచం వైపు చూసింది. "ఇది ఇక్కడిదే. ఓనర్‌ది. దీని మీదనే నాకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు రాత్రంత కూసున్నవు, యాదికున్నదా? దీనికి గూడ రంగేస్తవా?"

రఫియా ఎగతాళిగా అడగలేదు. మామూలుగానే అడిగింది. సుహాసిని పక్కన కూర్చుని ఇంకో సీసా తీసుకుని చుట్టసాగింది.

*

తెల్లారాక కింద గొడవ వినిపించింది.

సుహాసిని కిటికీలోంచి చూసింది. బిల్డింగ్ ముందు పికప్ ఆగి ఉంది. పరుపులు, పెట్టెలు ఎక్కించేశారు. రఫియా అల్మారా మాత్రం ఇంకా ఫుట్‌పాత్ మీదే ఉంది. దాని తలుపు మీద చెయ్యి పెట్టి తిరుపాలు నిలబడ్డాడు. నిజాముద్దీన్ రెండు చేతులూ కట్టుకుని, బస్సులో పిల్లలు అల్లరి చేసినా గొంతు పెంచని ఆ మనిషి, అదే గొంతుతో ఏదో చెబుతున్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగింది.

"సాబ్, ఇది మాది. ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే మేము తెచ్చుకున్నం."

"రసీదుందా?"

"పాత సామానుకు రసీదు ఏడుంటది సాబ్?"

"మరి? రంగు చూడు. పైనున్న ఓనర్ సామానంతా ఇదే రంగు. పిడులు గూడా అవే. ఫోటోల్లో ఉండాది ఇది. మేడం లిస్టులో ఎక్కిపోయినాది. తీస్కపోయేదానికి లేదు."

ఖుత్బుద్దీన్ మెట్ల దగ్గరినుంచి ఒక అడుగు ముందుకు వచ్చాడు. "సాబ్, ఇది బయటి నుంచే వచ్చింది. నేనే గేటు తీసిన."

"నీ డ్యూటీ నువ్వు చూస్కో," అన్నాడు తిరుపాలు అటు తిరక్కుండానే. ఖుత్బుద్దీన్ అడుగు అక్కడే ఆగిపోయింది.

"అన్నా, ఆ రంగు నేను వేసిన," అంది సుహాసిని. "మా ఇంట్ల మిగిలిన రంగే అక్కకు వేసిన. పిడులు గూడ రెండిండ్లకు కలిపి నేనే ఒక్కసారి తెచ్చిన. సామాను వాళ్ళదే."

"నువ్వు మధ్యలో రావద్దు చెల్లెమ్మా. నీ పని నీకుండాది. నువ్వు ఈడనే ఉండేదానివి."

ఆ మాటతో రఫియా తిరిగి సుహాసిని వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుని భర్త చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్యుండ్రి. ఒక్క అల్మారా కోసం ఏంది? నక్కో, మనకొద్దు. నడువుండ్రి."

నిజాముద్దీన్ తల ఊపాడు. పికప్ డ్రైవర్ హారన్ కొట్టాడు. వీధి అవతల కరెంటు స్తంభానికి కొత్తగా కట్టిన జెండాలు వేడిగాలికి టపటపమంటున్నాయి. సుహాసిని ఆ అల్మారాను చూసింది. తాను వేసిన రంగు. తన రంగే ఇప్పుడు సాక్ష్యమైంది, వాళ్ళకు ఎదురు.

"ఆగుండ్రి," అంది. "పోకుండ్రి."

పైకి పరుగెత్తింది. దిగి వచ్చేసరికి ఒక చేతిలో సబ్బు వేసిన వేడినీళ్ళ బకెట్, ఇంకో చేతిలో టర్పెంటైన్ సీసా, గరుకు పీచు, పుట్టీ పూసే రేకు ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. గుడ్డ మీద టర్పెంటైన్ ఒంపి తలుపు మీద రుద్దింది. మైనం కరిగి, రంగు నిగనిగ పోయి, పాలిపోయింది. వేడినీళ్ళ పీచు పెట్టి నొక్కి ఉంచింది. చాక్ పెయింట్ నీళ్ళు తాగి ఉబ్బింది. అప్పుడు రేకు పెట్టి లాగింది. పచ్చటి పిండి ముద్దలుగా ఊడి నేల మీద పడింది.

"ఖరాబైతది బహెన్," అన్నాడు నిజాముద్దీన్.

"కానీ భాయ్. మళ్ళ వేస్త."

అరచేతి వెడల్పున రంగు ఊడింది. కింద నీలం. నున్నటి, మెరిసే నీలం. ఇంకొంచెం గీకింది. నీలం మీద చేప బొమ్మ స్టిక్కర్ సగం, దాని పక్కన చిరిగిన నక్షత్రం. ఎవరో పిల్లలు అంటించుకున్నవి. వాటిని పీకకుండానే సుహాసిని అప్పట్లో పైన రంగు వేసింది.

ఆమె లేచి తిరుపాలుకు దారి వదిలింది. "అన్నా, మీ ఓనర్ సామానుల నీలం రంగుది ఏదన్న ఉన్నదా? చేపలున్నది?"

పికప్ డ్రైవర్ నవ్వాడు. తిరుపాలు ఆ చేప వైపు చూశాడు. చెయ్యి తలుపు మీదినుంచి తీసేసి, అంటిన తడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సరే, తీస్కపోండి. పొరపాటు ఎవరికైనా అవుతాది."

నిజాముద్దీన్, డ్రైవర్, ఖుత్బుద్దీన్ ముగ్గురూ కలిసి అల్మారాను ఎక్కించారు. రఫియా పికప్ ఎక్కబోతూ వెనక్కి వచ్చి, సుహాసిని తడిచేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బండి కదిలింది.

తిరుపాలు గొంతు తగ్గించాడు. "జరిగిందేదో జరిగినాది. వీళ్ళు పోయిన ఫ్లాటు తాళం సాయంత్రం ఇస్తా. రేపట్నుంచి మొదులుపెట్టు."

"నేను చెయ్య అన్నా."

"ఏందీ?"

"రఫియక్క ఇంట్ల కూసోని రఫియక్క మంచానికి రంగు వెయ్య."

"అట్లయితే రూము గూడా లే. అర్థమవుతాందా? నీ ఇంట్లో సామాను గూడా ఎట్ల ఇచ్చినామో అట్లనే ఇయ్యాల." అని, తను ఏమన్నాడో తోచినట్టు నవ్వాడు. "ఎందుకులే. అది అట్లనే ఉండనీ. బాగుండాది గదా. నువ్వు పనికి రాకున్నా నీ రంగు ఉంటాది."

"ఉండదు," అంది సుహాసిని. బకెట్ ఎత్తుకుంది. "ఎట్లిచ్చిన్రో అట్లనే ఇస్త."

*

మొదట భోజనాల బల్ల పట్టుకుంది.

వేసేటప్పటికంటే తీసేటప్పుడే ఆ రంగు గట్టిదని తెలిసింది. టర్పెంటైన్ వాసన ఇల్లంతా నిండింది. కిటికీలు తీస్తే వేడి లోపలికి వచ్చింది. రేకు జారి వార్నిష్‌కు కొత్త గీత పడకూడదు, దానికి మాట పడవలసి వస్తుంది. అందుకని కొద్దికొద్దిగా, ఒక జానెడు తడిపి, నాననిచ్చి, గీకి, తుడిచి, మళ్ళీ పక్క జానెడు. ఇత్తడి పిడులు విప్పి, దాచి ఉంచిన పాతవి బిగించింది. సొరుగు మూలల్లో ఇరుక్కున్న రంగును పుల్లకు గుడ్డ చుట్టి తీసింది. వేళ్ళ చివర్లు ముడతలు పడి మండాయి. మంచం తలాపు దగ్గర ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడే మొదటిసారి రంగు సరిగ్గా కుదిరింది; ఆ రోజు తిరుమల్‌ను పిలిచి, చెప్పులు విప్పించి మరీ చూపించింది. ఒక్క క్షణం ఆ చోటును వదిలేద్దామా అనుకుంది. రేకు పెట్టి లాగేసింది.

తిరుమల్ తలుపు తీసుకుని వచ్చి, గోధుమరంగు బల్లనూ, నేల మీద పచ్చటి బురదనూ చూసి నిలబడిపోయాడు.

"తిరుపాలు ఫోన్ చేసిండు," అన్నాడు. "నేను నమ్మలే. పిచ్చి లేచిందా సుహా? ఉండమన్నోణ్ణి కాలదన్నుకుంటవా?"

"ఉండమన్లే ఆయన. వాళ్ళందరు పోయినంక వాళ్ళ ఇండ్లు అలుకుమన్నడు."

"నువ్వు వెయ్యకుంటే ఇంకోడు వేస్తడు. ఏమాగుతది?"

"వెయ్యనీ. నా చెయ్యి కాదు గద." పీచు బకెట్‌లో ముంచింది. "ఇయ్యాల కింద ఏమైందో చెప్పిండా నీకు? రఫియక్క అల్మారాను గుంజుకోబోయిండు. నా రంగు చూపిచ్చి గుంజుకోబోయిండు. గోడకాడ నిలబడితే ఫోటోల పడుతనని నన్ను వంటింట్లకు పంపిన్రు. నేను వేసిన రంగు కావాలె, నేను కనబడొద్దు."

తిరుమల్ లోపలికి వెళ్ళాడు. నల్లా తిప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్ళ చప్పుడే. బయటికి వచ్చి, తల తుడుచుకుంటూ మంచం అంచున కూర్చున్నాడు. ఆమె అతని వైపు చూడకుండా సొరుగు గీకుతోంది.

"ఆ టవర్ల లైట్లన్ని మేమే బిగించినం," అన్నాడు కాసేపటికి. "లిఫ్టుకు కరెంటు ఇచ్చింది గూడ నేనే. నిన్న గెస్టులు చూడ వస్తున్నరని మెట్లు ఎక్కిచ్చిన్రు మమ్మల్ని. పైదాక. నా వెనక లస్మయ్య ఉన్నడు, ముసలోడు. ఆడాడ కూసుంట ఎక్కిండు." తువ్వాలు పక్కన పెట్టాడు. "నేనేమన్లే. తల కిందికేసుకోని ఎక్కిన."

సుహాసిని చెయ్యి ఆగింది.

తిరుమల్ వంగి రెండో రేకు తీసుకున్నాడు. "ఎట్ల గీకాలె? ఇట్లనా?"

"అట్ల కాదు. పడుకోబెట్టి పట్టుకో. గీత పడుతది."

*

చెప్పిన రోజు పొద్దున్నే తిరుపాలు, మేడం కలిసి వచ్చారు. గదుల్లో ఫినాయిల్ వాసన. రెండు సూట్‌కేసులు, వంట సామాను మూట గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి. మేడం లోపలికి రెండడుగులు వేసి ఆగింది. ఫ్లాటు తప్పు వచ్చామా అన్నట్టు తలుపు మీద నంబరు చూసింది.

తిరుపాలు ముఖం కళ తప్పింది. "ఏం జేసినావమ్మా! ఫోటోలు పెట్టేసినారు. అవి చూసి జనం బుక్ చేసుకున్నారు!"

"చూస్కో అన్నా," అంది సుహాసిని. బల్ల దగ్గరికి నడిచింది. "ఇక్కడ కప్పు మరక ఉండె. ఉన్నది. ఈ కాలుకు చెక్క లేచి ఉండె. ఉన్నది. ఆ సొరుగుల బల్లకు కుడిపక్క సొరుగు సగమే తెరుచుకుంటుండె. గుంజి చూడు."

అతను గుంజలేదు. మేడం అతని వైపు తిరిగి గబగబా ఏదో అడిగింది. తిరుపాలు తడబడుతూ చెప్పబోతే, ఆమె అతన్ని వదిలేసి నేరుగా సుహాసిని ముందుకు వచ్చింది.

"ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగింది.

సుహాసినికి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. వచ్చినంతలో చెప్పింది. "బల్ల మీది. రంగు నాది. నేను పోతున్న, నా రంగు గూడ పోతున్నది."

మేడం చాలాసేపు ఆమెను చూసింది. ఫోటోల నాడు ఇదే మనిషిని చూడకుండానే చేత్తో జరిపింది. ఇప్పుడు ఆమె చూపు ముఖం మీదినుంచి చేతుల మీదికి, తొక్కలు లేచిన వేళ్ళ మీదికి దిగింది. పక్కకు తప్పుకుంది.

"క్లియరెన్స్ అన్నా," అన్నాడు తిరుమల్. అతని గొంతులో వణుకు లేదు. తిరుపాలు మేడం వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను సంతకం పెట్టాడు.

కింద ఖుత్బుద్దీన్ సూట్‌కేసు అందుకుని ట్యాక్సీ దాకా మోశాడు. వద్దన్నా వినలేదు. "ఖుదా హాఫిజ్ బేటీ," అన్నాడు. "నాకు ఆ నీలం చేప మస్తు నచ్చింది."

*

ఐన్ ఖాలిద్‌లో రఫియావాళ్ళ విల్లాలోనే వెనకవైపు గది ఒకటి దొరికింది. ఒకప్పుడు పనిమనిషి గది. మంచం వేస్తే నడవడానికి చోటు లేదు. వంటింట్లో నలుగురు ఆడవాళ్ళ తిరగమోతలు నాలుగు రకాలుగా వాసన వేస్తాయి. ఎవరి వంతు ఎప్పుడో మొదటివారం గొడవ పడి, రెండోవారానికి ఎవరి కూర ఎవరికి నచ్చుతుందో తెలుసుకున్నారు.

వెనక వరండా మాత్రం విశాలం. ఎండ తగ్గి, పొద్దుటి గాలి చల్లబడింది. ఊరంతా ఖాళీ అయిన ఇళ్ళ సామాను చెత్తడబ్బాల పక్కన పడి ఉంది. తిరుమల్ డ్యూటీ దిగి వస్తూ ఒక ఊగుడు కుర్చీ భుజాన వేసుకుని తెచ్చాడు. పక్క గదిలోని శ్రీలంక ఆవిడ తన చిన్న స్టూలు తెచ్చి పెట్టి, పసుపు రంగు కావాలని చేతులతో చెప్పింది.

సుహాసిని ఆ స్టూలుకు పసుపు వేస్తుండగా ఫోను మోగింది. రెండు చేతులూ రంగే. రఫియా వచ్చి ఫోనెత్తి, పేరు చూసి, కనుబొమలెగరేసి ఆమె చెవికి ఆనించింది.

"చెల్లెమ్మా, బాగుండావా? నేను, తిరుపాలును." గొంతు నూనె రాసినట్టుంది. "మేడం నీ కోసం అడుగుతాండాది. వేరే పెయింటర్లను పెట్టినాం, గోడలకు కొట్టినట్టు కొట్టినారు. అంతా మెరిసిపోతాండాది. నువ్వొస్తే నీ పేరు పెట్టి ఫోటోలేస్తానంది మేడం. నిజం. కారు పంపిస్తా."

"వస్త అన్నా," అంది సుహాసిని.

రఫియా ఫోను ఆమె చెవినుంచి కొంచెం వెనక్కి తీసి ముఖంలోకి చూసింది.

"వస్తావా? మంచిది, మంచిది. ఎప్పుడు?"

"రఫియక్కవాళ్ళ ఫ్లాటు వాళ్ళకియ్యి. మా ఫ్లాటు మాకియ్యి. రెండో నంబరు, నాలుగో నంబరు, ఎవరిది వాళ్ళకియ్యి. అందరు ఎక్కడోళ్ళు అక్కడికి వచ్చిన తెల్లారి నేను కుంచె పట్టుకోని వస్త. అందరిండ్లల్ల వేస్త."

అవతల ఎక్కడో డ్రిల్లింగ్ మెషిన్ మోత మాత్రం వినిపించింది.

"అది నా చేతుల్లో లేదు కదమ్మా," అన్నాడు తిరుపాలు చివరికి. ఈసారి గొంతులో నూనె లేదు. అలసిపోయిన మనిషి గొంతు.

సుహాసిని పసుపు అంటిన వేళ్ళను విప్పి చూసుకుంది.

"తెలుసన్నా," అంది. "ఈ రంగు నా చేతుల్ల ఉన్నది."